పైన పటారం సరే, లోన సంగతేంటి?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే మొర. షూటింగ్ ఆట చూడటానికి కళ్ళు చెదిరేట్టుంది, చేతికొచ్చేసరికి చప్పగా ఉంది అని. అందుకని ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో ‘ది ఆర్డర్: 1886’ షూటింగ్ ఆట వేస్తే టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తుండాయి. వేరే ఆటలకి రావడంలా. టీవీ పోయిందా, డిస్కు పోయిందా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. ఆటను చేసిందే అట్లా. మామూలుగా పీఎస్4 పంపే బొమ్మ 1920 × 1080 చుక్కలు. ఈ ఆట మధ్యలో 1920 × 800 మాత్రమే గీసి, పైన 140 వరసలు, కింద 140 వరసలు నల్లగా వదిలేస్తుంది. 43 అంగుళాల టీవీలో ఒక్కో పట్టీ సుమారు రెండుముప్పావు అంగుళాలు వస్తుంది. సినిమా తెర ఆకారం కోసం ఇలా చేశామని తయారుచేసినవాళ్ళు చెప్పారు. లెక్క చూస్తే ఇంకో లాభం కూడా కనపడుతుంది. ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకు, 20.7 లక్షల చుక్కలు గీయాల్సిన చోట 15.4 లక్షలతో సరిపోయింది, అంటే నూటికి 26 వంతుల పని తగ్గింది. అంచులు రంపం పళ్ళలా కనపడకుండా నునుపు చేసే 4ఎక్స్ ఎంఎస్ఏఏ లాంటి ఖరీదైన పనులకు అక్కడే చోటు దొరికింది.

రిమోట్‌లో జూమ్ నొక్కి పట్టీలు పోగొట్టాలని చూడకండి. బొమ్మ 1.35 రెట్లు ఉబ్బి, ఎడమా కుడీ చెరో 13 శాతం తెగిపోతుంది. పక్కనుంచి కాల్చేవాడు కనపడకుండానే మీరు పోతారు. పిక్చర్ సైజును ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘జస్ట్ స్కాన్’లో పెట్టి, పిక్చర్ మోడ్ ‘గేమ్’ చేసుకోండి. చీకటి గదుల్లో ఏమీ కనపడకపోతే టీవీ బ్యాక్‌లైటు పెంచండి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు కాస్తా బూడిద రంగై పొగమంచు అందమంతా పోతుంది.

ప్రశ్న: అదే ఆట గురించే. మొదటి గంట నోరు తెరుచుకుని చూశాను. మూడో గంటకి ఆవులింతలు. ఇంత బొమ్మ చేసినోళ్ళకి ఆట చేయడం రాలేదా? లేక నాకే ఆడటం రాలేదా?
– ఒక పాఠకుడు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: మీ తప్పేం లేదు. 2015 ఫిబ్రవరిలో అది విడుదలైనప్పుడు కూడా జనం అన్నది ఇదే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. రెడీ ఎట్ డాన్ స్టూడియో ఈ ఆట కోసం అసలు గుడ్డముక్కల్ని స్కాన్ చేసింది. ఉన్ని కోటుకూ తోలు పట్టీకీ వెలుగు పడే తీరు వేరువేరుగా ఉండేట్టు మెటీరియల్స్ కట్టింది. వెంకటగిరి చీర చేతిలోకి తీసుకుని నేత పరీక్షించే వాళ్ళు ఒకసారి ఆ కోటు భుజం దగ్గర కెమెరా ఆపి చూడాలి, పడుగూ పేకా కనపడతాయి. కథ నడిచే దృశ్యం నుంచి మీ చేతికి ఆట వచ్చేచోట అతుకే తెలియదు. రెండూ ఒకే ఇంజిన్‌లో (ఆటను గీసి నడిపే ప్రోగ్రాం) అప్పటికప్పుడు గీసినవి కాబట్టి కెమెరా అలా జారి వీపు వెనక ఆగుతుంది. పదేళ్ళు దాటినా ఇప్పటికీ చాలా ఆటలు దీని ముందు వెలవెలబోతాయి.

మరి ఎక్కడ చెడింది? ఆ గదుల్ని ముందు చూడటానికి కట్టి, తర్వాత పోట్లాటకు వాడుకున్నారని మా అభిప్రాయం. ఎటునుంచి వస్తారో, ఎటు చూస్తారో ముందే తేల్చి అలంకరించిన గదికి వెనకవైపు ఉండదు. చుట్టూ తిరిగి శత్రువు వెనక్కు చేరే దారి ఉండదు. నడుమెత్తు పెట్టెలు రెండు వరసలు కనపడితే చాలు, ఇక్కడ కాల్పులు ఉన్నాయని తెలిసిపోతుంది. మీరు ఒక పెట్టె వెనక, వాళ్ళు ఇంకో పెట్టె వెనక. తల ఎత్తడం, దించడం. మధ్యలో కవచం తొడుక్కుని షాట్‌గన్‌తో మీదికొచ్చేవాడు ఒక్కడే మిమ్మల్ని చోటు మార్పిస్తాడు. వాడు రాని గదుల్లో మీరు నిలబడ్డచోటే నిలబడి ముగించేయొచ్చు.

అన్నిటికంటే బాధ థర్మైట్ రైఫిల్ విషయంలో. కంట్రోలర్‌లో ఆర్2 బటన్ నొక్కితే మండే పొడి మేఘంలా చిమ్ముతుంది. ఆర్1 నొక్కితే నిప్పురవ్వ పోయి దాన్ని అంటిస్తుంది. శత్రువు గోడ వెనక దాక్కున్నా పొడి గోడ మీదుగా దిగుతుంది. అంటే దాక్కుని కాల్చుకునే ఆటలో ఉన్న విసుగుకి విరుగుడు ఆ తుపాకీలోనే ఉంది. అలాంటిదాన్ని కాసేపు చేతికిచ్చి, ఆ ఘట్టం అయిపోగానే లాగేసుకున్నారు. మళ్ళీ మామూలు తుపాకీ, మళ్ళీ పెట్టెలు. విందుకు పిలిచి పులుసు వాసన చూపించి పంపినట్టు.

తోడేలు మనుషులతో పోరాటం కూడా అంతే. వాటి రూపం చూస్తే గుండె ఝల్లుమంటుంది. పోరాటం మాత్రం అవి పరుగెత్తుకు రావడం, తెర మీద గుర్తు రాగానే ఎక్స్ నొక్కి మీరు పక్కకు దూకడం, రెండు గుండ్లు పేల్చడం, అవి మళ్ళీ చీకట్లోకి పోవడం. వీపు గోడకు ఆనించి మూలన నిలబడితే అవి ఒకే దిక్కునుంచి రావాల్సి వస్తుంది. షాట్‌గన్ ఉంటే అక్కడే కథ ముగుస్తుంది. ఇక ఆట మధ్యలో ఒక కత్తి పోరాటం ఉంది, బటన్ గుర్తు రాగానే నొక్కే రకం. ఆఖరి పోరాటంగా అదే పద్ధతిని మళ్ళీ పెట్టారు. వంట పూర్తికాక పొద్దున్నది వేడిచేసి వడ్డించారనిపిస్తుంది.

చేతి బరువు సంగతి కూడా చెప్పాలి. ఆట సెకనుకు 30 ఫ్రేములు, అంటే ఒక్కో బొమ్మకు 33.3 మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల ఆటలో 16.7 మాత్రమే. బటన్ నొక్కాక ఫలితం తెర మీదికి రావడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది కనుక ఆ తేడా అన్ని రెట్లు పెరుగుతుంది. దానికి టీవీ ‘సినిమా’ మోడ్ ఆలస్యం తోడైతే గురి తేనెలో మునిగినట్టు కదులుతుంది. పీఎస్5లో వేసినా 30 ఫ్రేములే.

ఇంకోసారి ప్రయత్నించాలనుకుంటే హార్డ్‌లో ఆడండి. అప్పుడు ఒకే పెట్టె వెనక కూర్చోవడం కుదరదు, పిస్టలు తీసి సమయం నెమ్మదించే ‘బ్లాక్ సైట్’ నిజంగా అవసరమవుతుంది. గురి వేగం మూడునాలుగు మెట్లు పెంచుకోండి. ఆరేడు గంటల ఆట, ఆన్‌లైన్ పోటీ లేదు, రెండోసారి ఆడటానికి కొత్తదేమీ లేదు. సెకండ్ హ్యాండ్ ధరకి రెండు సాయంత్రాలు గడపడానికి మాత్రం బాగుంటుంది.

ప్రశ్న: సార్, మేం నలుగురం బీటెక్ ఆఖరి సంవత్సరం. ఆటలు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ 5లో ఉదయగిరి కోటలాంటి కొండకోట కట్టి షూటర్ చేశాం. లూమెన్ (వెలుగు లెక్కలు), నానైట్ (సన్నటి వివరాలు) అన్నీ ఆన్. చూసినోళ్ళు ‘అబ్బ’ అంటారు, ఆడమంటే అయిదు నిమిషాల్లో కంట్రోలర్ కింద పెడతారు. ఎక్కడ సరిచేయాలి?
– విద్యార్థులు, కావలి

జవాబు: ‘ది ఆర్డర్’ వాళ్ళు చేసిన తప్పే మీరూ చేశారు, కాకపోతే మీకింకా టైముంది. ప్రాజెక్టు కాపీ ఒకటి తీసుకుని, కొత్త లెవెల్ తెరిచి, కోటంతా పక్కన పెట్టండి. బూడిదరంగు డబ్బాలతోనే ఒక్క పోరాటం కట్టండి. అది డబ్బాలతో బాగుంటే కోటలోనూ బాగుంటుంది. డబ్బా జరపడానికి పది సెకన్లు. శిల్పాలు చెక్కిన బురుజు జరపాలంటే వారం, పైగా మనసొప్పదు. బొమ్మ ముందు చేసిన జట్లు ఆటను మార్చలేకపోవడానికి సగం కారణం ఆ మనసొప్పకపోవడమే.

అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. వంగి దాక్కునే గోడ 100 నుంచి 110, నిలబడి దాక్కునేది 200కు తగ్గకుండా పెట్టండి. 130, 140 ఎత్తులు వద్దు, వంగితే ఎక్కువ, నిలబడితే తక్కువ అయి ఆడేవాడికి తను దాగాడో లేదో అర్థంకాదు. మీది వీపు వెనక కెమెరా ఆట కదా, ఆ కెమెరా మనిషికి మూడు నాలుగు మీటర్లు వెనక ఉంటుంది. కోట ద్వారాలు అసలు కొలతల్లో కడితే కెమెరా గోడకు తగిలి మనిషి మెడమీదికి దూసుకొస్తుంది. ద్వారాలు రెండు మీటర్ల వెడల్పు, లోపలి కప్పు మూడున్నర మీటర్ల ఎత్తు చేయండి. తెర మీద అది ఎక్కువగా అనిపించదు. ప్రతి పోరాట స్థలానికీ లోపలికి రావడానికి రెండు దారులు, పై అంతస్తు ఒకటి, చుట్టి వెనక్కు పోయే సందు ఒకటి తప్పనిసరి.

శత్రువులందరూ ఒకటే పని చేస్తున్నారేమో చూడండి. మూడు పనులు పంచండి: ఒకడు కాలుస్తూ మిమ్మల్ని కదలనివ్వడు, ఒకడు మూడు సెకన్ల గ్రెనేడు విసిరి మిమ్మల్ని లేపుతాడు, ఒకడు పక్కనుంచి చుట్టి వస్తాడు. ఏ సమయంలోనైనా ఇద్దరికే కాల్చే అనుమతి ఇవ్వండి, మిగతావాళ్ళు చోటు మారుతూ ఉండాలి. ఆరుగురు ఒకేసారి కాలిస్తే ఆడేవాడు తల దించుకుని కూర్చుంటాడు, ఆట అక్కడే ఆగిపోతుంది. కాల్చబోయే ముందు అరుపో, తుపాకీ ఎత్తే కదలికో అర సెకను కనపడనివ్వండి. మొదటి గుండు కావాలనే తప్పించండి, ఎటునుంచి వచ్చిందో దానివల్ల తెలుస్తుంది.

మామూలు శత్రువుకి ఒంటికి మూడు నాలుగు గుండ్లు, తలకు ఒకటి. పది గుండ్లు తిన్నా పడకపోతే వాడు శత్రువు కాదు, ఇసుక బస్తా. గుండు తగిలిన ప్రతిసారీ మూడు జరగాలి: వాడి ఒళ్ళు విదిలించుకోవాలి, గురి గుర్తు మెరవాలి, తగిలిన చప్పుడు పేలిన చప్పుడుకంటే వేరుగా వినపడాలి. మీ దగ్గర కచ్చితంగా ఈ మూడోది లేకుండా ఉంటుంది. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ముందు మర్చిపోయేది అదే.

వేగం సంగతికొస్తే, ఆడుతూ కీబోర్డులో ఎస్కేప్ కింది బటన్ నొక్కి ‘స్టాట్ యూనిట్’ (stat unit) అని కొట్టండి. ఫ్రేమ్, గేమ్, డ్రా, జీపీయూ అని వరసలు వస్తాయి. జీపీయూ (బొమ్మ గీసే చిప్) అంకె 16.7 మిల్లీసెకన్లు దాటితే ముందు లూమెన్ రిఫ్లెక్షన్లు, తర్వాత నీడలు తగ్గించండి. గేమ్ అంకె దాటితే తప్పు బొమ్మలది కాదు. ప్రతి ఫ్రేముకూ ‘టిక్’ అయ్యే (పనిచేసే) బ్లూప్రింట్లు, అంటే మీరు కట్టిన ఆట లాజిక్, వెతికి ఆపేయండి, శత్రువు చూపు సెకనుకు అయిదుసార్లు వెతికితే చాలు.

తర్వాత మీ ఆట తెలియని అయిదుగురిని కూర్చోబెట్టండి. మీరు నోరెత్తకూడదు. ‘అన్నా, అటు పో’ అన్నారంటే ఆ పరీక్ష దండగ. ఎక్కడ చచ్చారు, ఎక్కడ ఆగి దిక్కులు చూశారు, ఎప్పుడు ఫోన్ తీశారు, ఈ మూడే రాసుకోండి.

ప్రశ్న: గేమింగ్ లాప్‌టాప్‌లో కొత్త షూటర్ మొదట్లో 60 ఫ్రేములు ఇస్తుంది. ఇరవై నిమిషాలకి 25కి పడిపోతుంది. కొన్నచోట అడిగితే ‘గేమే అంత’ అన్నారు.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచిందంటే గేమ్ తప్పు కాకపోవచ్చు. మీ ఊరు చూస్తేనే అనుమానం వస్తోంది, గ్రానైట్ పొడి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం వేసుకుని తెర మూలన వేడి, క్లాక్ (చిప్ వేగం) రెండూ కనపడేట్టు పెట్టండి. వేడి 85–90 డిగ్రీలకు చేరి, అదే సమయంలో క్లాక్ వందల మెగాహెర్ట్జ్ పడిపోతే చిప్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం.

రాతిపొడి గాలికి పోయేట్టే ఉంటుంది కానీ తేమ తగిలితే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) రెక్కల మధ్య అట్టకడుతుంది. వారంటీ ఉంటే సర్వీసుకే ఇవ్వండి. లేకపోతే కింది మూత విప్పి, ముందు బ్యాటరీ వైరు పీకి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి, వేడిగాలి బయటికొచ్చే వైపునుంచి లోపలికి గాలి కొట్టండి. ఫ్యాన్‌ను గాలికి తిరగనిస్తే బేరింగ్ పోవచ్చు. హీట్‌సింక్ విప్పితే పాత పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపుగింజ రెండింతలంత పెడితే సరి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. ఆడేటప్పుడు వెనక భాగం రెండంగుళాలు ఎత్తండి, మంచం మీద పరుపుపై పెట్టొద్దు. మీ దగ్గర మూడు నెలలకోసారి ఈ పని తప్పదు.

ప్రశ్న: జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ. కొత్త ఆటల్లో మొదటిసారి ఏ తుపాకీ పేల్చినా, ఏ తలుపు తీసినా ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. రెండోసారి మామూలే.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ‘రెండోసారి మామూలే’ అన్న మాటతోనే జబ్బు దొరికింది. తుపాకీ మెరుపులాంటివి ఎలా గీయాలో చెప్పే షేడర్ అనే చిన్న ప్రోగ్రాం మీ కార్డుకు తగ్గట్టు అప్పుడే తయారవుతోంది. ఆట మొదట్లో ‘షేడర్లు సిద్ధమవుతున్నాయి’ అని వస్తే పదిహేను నిమిషాలైనా కదిలించకుండా వదిలేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ కాష్ సైజు 10 జీబీ చేయండి. ఆట సగంలో ఉండగా డ్రైవర్ అప్‌డేట్ చేయకండి, చేస్తే షేడర్ల పని మళ్ళీ మొదటికొస్తుంది.

రెండోసారి కూడా బిగుసుకుంటే అది వేరే జబ్బు, కార్డులోని 4 జీబీ మెమరీ నిండిపోవడం. టెక్స్చర్స్ (వస్తువుల పైపూత బొమ్మలు) మీడియంకు దించండి. తర్వాత వాల్యూమెట్రిక్ ఫాగ్ (పొగమంచు), నీడలు. చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే పద్ధతుల్లో డీఎల్ఎస్ఎస్ మీ కార్డులో రాదు, ఎఫ్ఎస్ఆర్ ఉంటే ‘క్వాలిటీ’ పెట్టండి, 1080పి తెరకు లోపల 1280 × 720 గీసి పెంచి చూపిస్తుంది. ఫ్రేములు 45కీ 70కీ మధ్య ఊగుతుంటే పరిమితి పెట్టండి. 144 హెర్ట్జ్ తెరకు 48 లేదా 72 అయితే సమానంగా భాగం పోతుంది. ఊగే 60 కంటే నిలకడగా ఉండే 48తో గురి బాగా కుదురుతుంది.

ప్రశ్న: 2007లో వచ్చిన క్రైసిస్ ఆట కూడా బొమ్మకే పేరు కదా. అదీ ఈ కోవేనా? నా కొత్త పీసీలోనూ అక్కడక్కడా తడబడుతుందేం?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: సగం ఈ కోవే. మొదటి సగంలో ఆ బొమ్మ ఆటకు పనికొచ్చింది. చెట్టు మీద కాలిస్తే విరుగుతుంది, రేకుల గుడిసె కూలుతుంది, పొదలో దూరితే దాగినట్టే. కవచం, బలం, వేగం, అదృశ్యం అని ఒంటిమీది నానోసూట్‌ను నాలుగు రకాలుగా వాడుకుంటూ దీవిలో ఏ దిక్కునుంచైనా పోవచ్చు. గ్రహాంతరవాసులు వచ్చాక దారి సన్నబడింది, దాక్కోవడానికి పనిలేకుండా పోయింది, ఆట పలచబడింది. తడబాటుకు కారణం పని ఎక్కువగా ఒకటి రెండు ప్రాసెసర్ కోర్ల మీదే పడటం. ఒక్కో కోరు వేగం (గిగాహెర్ట్జ్) పెరుగుతూనే పోతుందని నమ్మిన రోజుల్లో రాశారు. పెరిగింది కోర్ల సంఖ్య. గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఆ తడబాటు పూర్తిగా పోదు.

ప్రశ్న: మా పిలకాయలు తుపాకీ ఆట ఆడితే అరగంటకే తల తిరుగుతుందంటారు. మాన్పించాలా?
– ఒక తల్లి, పొదిలి

జవాబు: ముందు సెట్టింగ్స్ మార్చి చూడండమ్మా. మోషన్ బ్లర్ (కదిలితే మసక), హెడ్ బాబ్ (నడకకు తల ఊగడం), కెమెరా షేక్ (తెర అదరడం) ఆపేయండి. ఎఫ్ఓవీ (తెరలో ఎంత వెడల్పు కనపడాలో) అని ఉంటే 60–70 నుంచి 90కి పెంచండి. తెరకి దూరంగా, గదిలో లైటు వేసుకుని కూర్చోమనండి. 43 అంగుళాల టీవీకి అయిదడుగులు ఉండాలి. తల తిరగడం మొదలైతే ఓర్చుకుని ఆడనివ్వకండి, ఆ పూటకు కట్టేయాలి. ఇవన్నీ చేశాక కూడా, ఆట లేనప్పుడు కూడా తల తిరుగుతుంటే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ‘ది ఆర్డర్’ పాత డిస్కు ఒకటి దొరికింది. తీసుకోవచ్చా? రెండో భాగం వచ్చేదాకా ఆగనా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: ఆగకండి. కథను సగంలో వదిలేసినట్టు ముగించారు కానీ రెండో భాగం రాలేదు. 2020లో ఆ స్టూడియోను ఫేస్‌బుక్ కొనుక్కుంది, 2024లో మూసేశారు. డిస్కును వెలుగుకి అడ్డంగా పట్టి చూడండి. మధ్యనుంచి అంచుకు పోయే సన్నటి గీతలు పరవాలేదు. అంచు చుట్టూ వలయంలా ఉన్న గీతలైతే వద్దు. మీది డిస్కు పెట్టే చోటు లేని పీఎస్5 అయితే విడిగా డ్రైవ్ కొనాల్సి వస్తుంది, అది కూడా కొన్ని మోడళ్ళకే తగులుతుంది. ముందు మీ మోడల్‌కి పడుతుందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.